మునిగిన చేను మళ్ళీ లేచింది

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్ మధ్యలో కట్ అయిపోయింది. "తొమ్మిది రోజులు నీళ్ళలో ఉన్న వరి చేను ఇంకేం లేస్తుందిరా?" అన్నావు. లేచిందిరా! ఎలా లేచిందో ఫోన్‌లో చెబితే తనివి తీరదని రాస్తున్నాను.

ముందు నారు పెంచిన ఆకుమడి సంగతి చెప్పాలి. ఆకు తీసే రోజుల్లో రెండు మూడు మొక్కలు మిగతా వాటికన్నా బెత్తెడు ఎత్తు లేచి, సన్నగా, పాలిపోయి కనిపించాయి. పీకి చూస్తే పై కణుపుల దగ్గర కూడా వేళ్ళు! "అవి నిలబడవు, తీసి పారెయ్" అన్నాడు బాబాయి. జపాన్ రైతులు ఈ తెగులుని బకానే అంటారు, తెలివిలేని నారు అని అర్థం. 1926లో తైవాన్‌లో కురోసావా అనే ఆయన ఆ తెగులు తెచ్చే బూజుని ద్రవంలో పెంచి, వడగట్టి, ఆ నీళ్ళు మాత్రమే నారుకి పెట్టాడు. బూజు లేకుండానే నారు అలాగే సాగిపోయింది. ఆ నీళ్ళలో ఉన్న పదార్థానికే 1935లో యాబుతా జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత తేలిందేమిటంటే, బూజు పట్టని మొక్క కూడా దాన్ని తనలో తనే తయారుచేసుకుంటుంది. కాడ సాగాలంటే అది కావాలి. మితంగా ఉన్నంతసేపే మేలు.

మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు గుర్తున్నారుగా? 1967లో ఐఆర్-8 అనే వరి రకం వేసి "మిస్టర్ ఐఆర్-8" అనిపించుకున్నారు. ఆ పొట్టి రకంలో జిబ్బరెల్లిన్ తయారుచేసే ఒక జన్యువు దెబ్బతిని ఉంటుంది. అందుకే కాడ పొట్టిగా, గట్టిగా ఉండి, ఎంత ఎరువు వేసినా, వెన్ను ఎంత బరువెక్కినా చేను పడిపోదు. అన్నం ముతకే, గడ్డీ తక్కువే, కానీ ఆ దిగుబడి అంతకుముందు ఎవరు చూశారు?

ఇప్పుడు మన చేను. గాలిలో కంటే నీళ్ళలో వాయువు కదలిక దాదాపు పదివేల రెట్లు నెమ్మది. మామిడికాయల్ని మాగబెట్టే ఇథిలీన్ వాయువే వరిలోనూ పుడుతుంది. మామూలుగా అది బయటికి పోతుంది. మునిగినప్పుడు పోయే దారి లేక లోపలే పోగుపడుతుంది. మొక్క దాన్నిబట్టే మునిగానని గ్రహించి, జిబ్బరెల్లిన్‌ని ముందుకు నెట్టి, ఊపిరి కోసం పైకి సాగుతుంది. నెలల తరబడి లోతు నీళ్ళుండే చోట అదే దాని ప్రాణం కాపాడుతుంది. మనకొచ్చేది పది రోజుల ముంపు. ఆ పది రోజుల్లో దాచుకున్న చక్కెరంతా సాగడానికే ఖర్చుపెట్టేసి, నీళ్ళు తీశాక చాపలా పడిపోతుంది. పక్కవాళ్ళు వేసిన స్వర్ణ రకం చేను సరిగ్గా అలాగే పడుకుంది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

మేం పల్లపు చేలో వేసింది స్వర్ణ-సబ్1. మన మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళ స్వర్ణే, కాకపోతే ఒడిశాకు చెందిన ఒక పాత రకం నుంచి తెచ్చిన జన్యువు అందులో ఉంది. ఇథిలీన్ పోగైతే ఆ జన్యువు మేలుకుని, జిబ్బరెల్లిన్ మాట చెల్లనివ్వదు. మొక్క సాగడం మానేసి, ఉన్న చక్కెర ఖర్చు కాకుండా కూర్చుంటుంది. నీళ్ళు తీసిన రోజు మా చేను చూస్తే ఏడుపొచ్చింది, ఆకులన్నీ బురదపట్టి కుళ్ళిపోయాయి. బాబాయి మాత్రం ఒక దుబ్బు మొదలు రెండు వేళ్ళతో నొక్కి, "గట్టిగానే ఉంది, తొందరపడి దున్నకు" అన్నాడు. ఆరో రోజు పొద్దున ఆ కుళ్ళిన ఆకుల మధ్యలోంచి సూదిలా ఒక పచ్చని మోసు కనిపించింది. ఎంతసేపు అక్కడే కూర్చున్నానో! ఇప్పుడు పిలకలు కూడా పెడుతోంది.

వచ్చే సార్వాకి పక్కవాళ్ళకి కూడా ఈ విత్తనమే ఇద్దామనుకుంటున్నాం. మీ నాన్నగారు ఐఆర్-8 వేసిన మొదటి ఏడు ఎలా ఉందో అడిగి రాయి. అప్పటి గడ్డి ఇబ్బంది సంగతి కూడా అడుగు, పశువులకి ఏం పెట్టేవారో తెలుసుకోవాలని ఉంది. దసరాకి వస్తే చేను చూపిస్తాను, పిల్లల్ని కూడా తీసుకురా.

నీ
రాంబాబు