బోరింగుకు మెకానిక్కే కాదు, పద్దు రాసేవారూ కావాలి

సంపాదకులకు,

నైజీరియాలోనూ మన ఇండియా మార్క్-2 బోరింగులే చాలా పల్లెల దాహం తీరుస్తున్నాయి. అక్కడ వాటి బాగోగులు వాష్‌కామ్ అనే గ్రామ నీరు-పారిశుధ్య కమిటీ చూసుకోవాలి. ఇంజినీరింగ్ చదివి బ్యాంకులో పనిచేసిన మనిషి ఊరికి దొరికితే ఆ కమిటీకి అంతకన్నా బలం లేదు. పంపూ, పద్దూ రెండూ తెలిసిన చెయ్యి అది.

శ్రీకాకుళం పల్లెల్లోనూ ఇలాంటి కమిటీ పెట్టుకోవచ్చు. ముందు పంపును పరీక్షించాలి. నిమిషానికి 40 సార్లు కొడితే బిందెలో కనీసం 10 లీటర్లు పడాలి. తర్వాత అరగంట వదిలేసి మళ్లీ కొట్టండి. అయిదు దెబ్బల్లోపు నీరు రాకపోతే అడుగు వాల్వు గానీ, పైపు జాయింటు గానీ కారుతున్నట్టే. నీరు తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది బోరు లోపల నీటిని పైకి లాగే సిలిండర్‌లోని వాషర్లను. హ్యాండిల్ గొలుసుకు గ్రీజు పెట్టకపోతే అది తుప్పుపట్టి తెగుతుంది. నీటిలో ఆమ్లగుణం ఉంటే జీఐ (జింకు పూత ఇనుప) పైపులు లోపల్నించి తుప్పు తినేసి పాడవుతాయి, నీళ్లు ఎర్రబడతాయి.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. నైజీరియాలోని యోరుబా జాతివారి ఎసుసు మన చీటీ లాంటిదే: అందరూ వేస్తారు, వంతు వచ్చినవారు మొత్తం ఎత్తుకుంటారు. పంపు మాత్రం వంతు చూసి పాడవదు. అందుకే మరమ్మతు సొమ్ము చీటీలో తిప్పకూడదు. ఇద్దరి సంతకాలతో పొదుపు ఖాతాలో ఉంచి, జమాఖర్చు నెలనెలా పంచాయతీ గోడకు అంటించాలి. రిటైరైన ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు ఊరికొకరైనా దీనికి ముందుకు రావాలి.

- విశ్రాంత ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు, శ్రీకాకుళం