మానిటరు మార్చకు బావా, ముందు ఫ్రేములకు పగ్గం వేయి

సఖినేటిపల్లి నుండి

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఆటలో కారును మలుపు తిప్పిన ప్రతిసారీ తెరకు అడ్డంగా ఒక గీత పడి, దాని పైభాగం ఒక వైపుకు, కింది భాగం మరో వైపుకు జరిగినట్టు కనిపిస్తున్నదనీ, దుకాణంలో అడిగితే మానిటరు పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోమని చెప్పారనీ రాశావు. దయచేసి ఆ డబ్బు అప్పుడే ఖర్చు పెట్టకు. నా మానిటరు నీ దానికన్నా పాతది. దాని మీద ఇదే బాధను నాలుగు నెలలు పడి, చివరకు పైసా ఖర్చు లేకుండా వదిలించుకున్నాను.

ముందుగా ఒక పరీక్ష చేసి చూడు. ఆట మూసి డెస్క్‌టాప్ మీదకు వచ్చినప్పుడు గీత ఉండకపోతే, ఆటలో కూడా కదలకుండా నిలబడినప్పుడు కనిపించక, చూపును అడ్డంగా తిప్పినప్పుడే వస్తుంటే, అదీ ఒకే చోట కాక పైకీ కిందకీ మారుతుంటే, అది తెర లోపం కాదు, స్క్రీన్ టేరింగ్, అంటే తెర మీది బొమ్మ చిరగడం. జీటీఏ ఫైవ్‌లో రోడ్డు పక్కన నిటారుగా నిలబడే చెట్లను చూస్తూ కెమెరాను తిప్పితే మాను రెండు ముక్కలై కనిపించడం నేను మొదట గమనించాను. కొబ్బరి చెట్ల మధ్య పెరిగిన కంటికి మాను విరిగితే వెంటనే తెలిసిపోతుంది కదా.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మందు దానంతట అదే అర్థమవుతుంది. 60 హెర్ట్జ్ మానిటరు సెకనుకు 60 సార్లు, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, బొమ్మను పై వరుస నుండి కింది వరుస దాకా గీసుకుంటూ వస్తుంది. ఆట బొమ్మలను తయారు చేసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం తన ఫ్రేము, అంటే ఒక పూర్తి బొమ్మ, తయారైన క్షణాన్నే దాన్ని అందించేస్తుంది. మడిలో ఒక గట్టు నుండి నాట్లు వేసుకుంటూ వస్తుండగా సగంలో నారు మారిపోతే, పై సగం ఒక రకం, కింది సగం మరో రకం అయినట్టు, తెర పైన పాత ఫ్రేము, కింద కొత్త ఫ్రేము మిగులుతాయి. ఆ రెండూ కలిసిన చోటే నీకు కనిపించే గీత. కార్డు 60 కన్నా ఎక్కువ ఫ్రేములు ఇస్తేనే చిరుగు వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, 50 ఫ్రేములు ఇచ్చినా వస్తుంది, ఎందుకంటే తేడా సంఖ్యలో కాదు, వేళ కలవకపోవడంలో ఉంది. కేబులు మార్చినంత మాత్రాన ఇది పోదు, కాబట్టి దాని మీద కూడా ఖర్చు పెట్టవద్దు.

కింది వరుస పూర్తయి మళ్ళీ పైకి వెళ్ళేలోపు మానిటరుకు చిన్న విరామం ఉంటుంది. మామూలు 1080 వరుసల తెరకు సంకేతంలో మొత్తం 1125 వరుసలు ఉంటాయి. కంటికి కనిపించని ఆ 45 వరుసల కాలం మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. ఆ విరామంలోనే ఫ్రేమును మార్చమని కార్డును ఆపి ఉంచేదే వీ-సింక్. దాన్ని ఆన్ చేయగానే చిరుగు పోతుంది. అయితే నేను అక్కడే ఆగిపోయి రెండు నెలలు విసిగిపోయాను కనుక, మిగిలినది నీకు వివరంగా చెప్పాలి.

మన రేవు నుండి నర్సాపురం వెళ్ళే పంటును, అదే బండ్లను గోదావరి దాటించే పడవను, గుర్తు తెచ్చుకో. ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన బండి, పంటు అవతలి ఒడ్డుకు పోయి తిరిగి వచ్చేదాకా రేవులోనే నిలబడాలి. వీ-సింక్‌లో కూడా ఫ్రేము తయారీకి 16.7 బదులు 18 మిల్లీసెకన్లు పడితే, అది తర్వాతి విరామం దాకా ఆగుతుంది. రెండే బఫర్లు, అంటే ఫ్రేములను ఉంచుకునే చోట్లు, ఉన్న ఆటల్లో 60 ఒక్కసారిగా 30కి పడిపోవడానికి కారణం ఇదే. మూడో బఫరు ఉంటే కార్డు ఖాళీగా కూర్చోకుండా తర్వాతి ఫ్రేము మొదలుపెట్టగలదు కనుక, ఆట సెట్టింగుల్లో ట్రిపుల్ బఫరింగ్ ఉంటే ఆన్ చేయి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే ఆ పేరు గల సెట్టింగు ఓపెన్‌జీఎల్ అనే పద్ధతిలో తయారైన ఆటలకే పనిచేస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోకు.

దీనికి ఎదురు కష్టం మరొకటి ఉంది. కార్డు బలంగా ఉండి ఫ్రేములను అవసరానికి మించి వేగంగా తయారు చేస్తే, అవి పంటు కోసం బారులు తీరిన బండ్లలా వరుసలో నిలబడతాయి. నీవు మౌసు కదిపినప్పటి ఫ్రేము ఆ వరుస చివర ఉంటుంది కనుక చెయ్యి ముందు, తెర వెనుక అన్నట్టు బరువుగా తోస్తుంది. నన్ను ఎక్కువగా బాధించినది ఇదే. రివా ట్యూనర్ అనే ఉచిత ప్రోగ్రాములో ఫ్రేములకు పరిమితి పెట్టాకనే ఆ బరువు తగ్గింది. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగుల్లో నీ మానిటరు అసలు వేగం చూడు. అది సరిగ్గా 60 కాక 59.94 కావచ్చు. ఆ అంకెకన్నా 0.01 తక్కువగా పరిమితి పెట్టి, వీ-సింక్ ఆన్‌లోనే ఉంచు. ఆ తర్వాత నీడల నాణ్యతను ఒక మెట్టు తగ్గించి, జనం ఎక్కువగా ఉన్న దృశ్యంలో కూడా ఫ్రేములు ఆ పరిమితిని అందుకునేలా చూసుకో. ఈ చివరి పనిని వదిలేస్తే మిగిలినదంతా వృథా అవుతుంది.

తుపాకుల ఆటల్లో ఆ కొద్ది ఆలస్యాన్ని కూడా నీవు ఓర్చుకోలేవని నాకు తెలుసు. వాటికి వీ-సింక్ ఆపేసి, అదే రివా ట్యూనర్‌లోని స్కాన్‌లైన్ సింక్ వాడు. అది చిరుగును తీసేయదు, కనిపించని ఆ 45 వరుసల్లోకి నెట్టి దాచిపెడుతుంది. కార్డు మీద భారం బాగా తక్కువగా ఉంటేనే గీత అక్కడ నిలుస్తుంది.

తెర వేగాన్నే ఫ్రేములకు అనుగుణంగా మార్చే జీ-సింక్ 2013లో వచ్చింది, అదే పని చేసే అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో 2014లో చేర్చారు. ఎప్పుడైనా కొత్త మానిటరు కొంటే వీటిలో ఒకటి ఉన్నదే కొను. వీజీఏ కేబులుతో నడిచే మన మానిటర్లకు ఆ యోగం లేదు. కార్డు కంట్రోల్ ప్యానెల్‌లోని కస్టమ్ రిజల్యూషన్‌తో మానిటరును 75 హెర్ట్జ్ వేగంతో నడిపి చూడవచ్చు. ఒప్పుకుంటే ప్రతి చిరుగూ 16.7కు బదులు 13.3 మిల్లీసెకన్లే తెర మీద ఉంటుంది. తెర నల్లబడితే కంగారుపడి ఏమీ నొక్కకు, కొద్ది సెకన్లలో పాత వేగం తిరిగి వస్తుంది.

ఈ ఆదివారం తీరికగా కూర్చుని, ఒక్కొక్క మార్పు తర్వాత అదే మలుపులో అదే చెట్టును చూస్తూ పరీక్షించు. నీ మానిటరు వేగం దశాంశాలతో సహా ఎంత ఉన్నదో, కార్డు ఏదో తిరుగు ఉత్తరంలో రాయి. పరిమితి ఎంత పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.

ఇట్లు,
నీ బావ