టీటన్ కొండలు, తూర్పు ముఖం

ఒరేయ్ శీనూ,

ఫొటోలు పంపి చేతులు దులుపుకున్నావు, కబుర్లేవిరా అని తిట్టావుగా. ఇదిగో, తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

సాల్ట్ లేక్ సిటీ నుంచి వయోమింగ్‌లో ఉన్న గ్రాండ్ టీటన్ నేషనల్ పార్క్ ఐదు గంటల దారి. మేం మాత్రం కావాలనే లోగన్ కాన్యన్ మీదుగా వెళ్ళాం. సెప్టెంబర్ చివర్లో అక్కడ మేపుల్ చెట్లు ఎర్రగా, ఆస్పెన్లు పచ్చటి పసుపులో ఉంటాయి. బేర్ లేక్ దగ్గర రాస్ప్‌బెర్రీ షేక్ తాగితే గానీ పిల్లలు కారెక్కలేదు. డిక్కీలో పులిహోర డబ్బా, రైస్ కుక్కర్, ఆవకాయ సీసా. మా ఆవిడ సరంజామా ముందు నా కెమెరా బ్యాగ్ ఏపాటిదిరా!

జాక్సన్ ఊరు దాటాక ఎడమ పక్కన కొండలు ఒక్కసారిగా బయటపడతాయి. ముందు గుట్టలు, వాటి వెనక కొండలు అనే వరసే లేదు. చదును నేలలోంచి ఏడు వేల అడుగులు నిలువునా లేచాయి. కొండల పాదాల వెంట భూమిలో పెద్ద పగులుంది. భూకంపం వచ్చినప్పుడల్లా పడమటి పక్క పైకి లేచింది, తూర్పున లోయ కుంగింది. మోరన్ శిఖరం నెత్తిన ఉన్న ఇసుకరాయి పొరే లోయ కింద వేల అడుగుల లోతున కూడా ఉంది. అన్నిటికన్నా ఎత్తు గ్రాండ్ టీటన్ శిఖరం, 13,775 అడుగులు.

ఫొటోలు తీసేవాడికి అసలు సంగతి వేరే. ఈ కొండలది తూర్పు ముఖం. పొద్దున్నే వెలుగు సూటిగా వాటి మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కే దిగుతాడు, అప్పుడు తీస్తే నల్లటి గోడే వస్తుంది. అంచేత చీకటితో లేచి, ఆరుకల్లా చెరువు గట్టున ట్రైపాడ్ పాతాలి. ఆ చలికి బ్యాటరీలు ఇట్టే దిగిపోతాయి, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

ష్వాబాకర్ లాండింగ్ అని, స్నేక్ నది పాయ మీద బీవర్లు, అంటే పళ్ళతో చెట్లు కొరికి పడేసే జంతువులు, ఆనకట్టలు వేసి చేసిన మడుగులున్నాయి. ఒడ్డున ఒక చెట్టు మోడు చూశాను, చుట్టూ పెన్సిల్ చెక్కినట్టు బీవర్ కొరికి పడేసింది. పళ్ళ గాట్లు వేలికి తగిలాయి. తెల్లారుతుంటే ముందు గ్రాండ్ కొన గులాబీ రంగెక్కింది. ఆ రంగు మెల్లిగా రాతి మీదుగా కిందికి పాకింది. అడుగున పైన్ చెట్లకి ఎండ తగిలేసరికి పైన గులాబీ పోయి మామూలు పసుపైపోయింది. సరిగ్గా ఆ మధ్యలో బీవరొకటి మడుగుకి అడ్డంగా ఈదింది. నీళ్ళలో కొండ నీడ కాస్తా చెదిరింది. వరసలో ఉన్న ట్రైపాడ్ల వాళ్ళంతా ఉసూరుమన్నారు. నీకు పంపినవాటిలో నాకు నచ్చింది మాత్రం ఆ చెదిరిన ఫొటోనే.

స్నేక్ రివర్ ఓవర్‌లుక్ గురించి అడిగావు కదా. 1942లో ఆన్సెల్ ఆడమ్స్ అనే పేరున్న ఫొటోగ్రాఫర్ నది వంపుతో తీసిన నలుపు తెలుపు ఫొటో అక్కడిదే. 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో భూమి గుర్తులుగా బొమ్మలూ శబ్దాలూ నింపి పంపిన రికార్డులోకి కూడా ఎక్కింది. ఇప్పుడు అక్కడ నిలబడితే వంపు చాలామటుకు చెట్ల చాటున ఉంటుంది. ఎనభై ఏళ్ళలో చెట్లు పెరగవూ మరి! అయినా జనం అదే రాతి గోడ దగ్గర నిలబడి అదే ఫ్రేమ్ కోసం తంటాలు పడుతున్నారు. లేని ఫొటో కోసం అంత ఆరాటం దేనికో నాకర్థం కాదు. నది మెలిక తిరిగే ఆక్స్‌బో బెండ్ అందమే గానీ కారు పెట్టే చోటు దొరకదు. మోర్మన్ రో అనే పాత పల్లె దగ్గర కొట్టం ముందు బైసన్లు, అంటే ఇక్కడి అడవి దున్నలు, మేస్తున్నాయి. వాటికి 25 గజాలు, ఎలుగులకి 100 గజాలు దూరం ఉండాలని రూల్. పెద్ద లెన్స్ అక్కడే అక్కరకొచ్చింది. డ్రోన్ ఎగరేయకూడదు, నీ బొమ్మ ఇంట్లోనే పెట్టుకో.

మధ్యాహ్నాలు పుల్లుగా నిద్ర. సాయంత్రాలు ఎల్క్‌లనే పెద్ద జింకల కోసం. ఆ నెలలో మగవి ఆడవాటి కోసం కూస్తాయి, అంత పెద్ద జంతువుకి ఈల లాంటి సన్నటి గొంతేంటో!

వచ్చే సెప్టెంబర్‌కి నువ్వు రావాల్సిందే. ట్రైపాడ్ మోసుకురాకు, నా దగ్గర రెండున్నాయి. అమ్మతో కందిపొడి చేయించుకురా. అన్నిటికంటే ముందు ఆ వీసా స్లాట్ సంగతి చూడరా బాబూ.

నీ
రాజు