బాపుతో యార్క్‌కు రైల్లో

లీడ్స్
ఆదివారం రాత్రి

అమ్మా,

నిన్న బాపును రైల్లో యార్క్‌కు తీసుకెళ్లాం. ఫోన్లో చెప్తే "బీపీ గోలీ వేసుకున్నడా, మోకాళ్లు నొయ్యలేదా" అని రెండు మాటలు అడిగి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. గోలీ వేసుకున్నాడు. మోకాళ్లు ఇవాళ కొంచెం పట్టేశాయి, నువ్వుల నూనె రాశాను. ఇక మిగతాది చదువు.

పది గంటల బండికి బాపు ఏడింటికే బూట్లు వేసుకుని సోఫాలో కూర్చున్నాడు. కాజీపేటలోనూ అంతే కదా, ఏ బండికైనా గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండేవాళ్లం. పులిహోర కలిపాను, నువ్వు పంపిన సకినాలు డబ్బాలో పెట్టాను. అరగంట ప్రయాణానికి ఇంత తిండెందుకని మీ అల్లుడన్నాడు. రైలెక్కినంక తినకుంటె ఎట్ల అన్నాడు బాపు.

ఇక్కడ బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఉంటుంది. నాకు అదే టెన్షన్. ముందుగా చెప్తే స్టేషన్ వాళ్లు ర్యాంపు, వీల్‌చైర్ తెస్తారు, చెప్పి పెట్టాను కూడా. బాపు ఆ కుర్చీ వైపు చూడనైనా లేదు. కడ్డీ పట్టుకుని ఎడమ కాలు ముందు పెట్టి ఎక్కేశాడు.

యార్క్ స్టేషన్ 1877లో కట్టింది. పట్టాలు వంపు తిరిగి ఉంటాయి, వాటితో పాటే పైకప్పూ వంగుతుంది. బాపు ఒక ఇనుప స్తంభాన్ని అరచేత్తో తట్టి చూశాడు. స్టేషన్ వెనకనే రైల్వే మ్యూజియం, టికెట్ లేదు. పెద్ద హాల్లో ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్, చుట్టూ ఇంజన్లు. చిన్నోడు జపాన్ బుల్లెట్ రైలు పెట్టెలోకి ఉరికాడు. బాపు మాత్రం ఒక ఆవిరి ఇంజన్ దగ్గర ఆగిపోయాడు. లోపలంతా కనపడేటట్టు దాన్ని పొడుగునా కోసి పెట్టారు.

"బిడ్డా, గిది జూడు. మంట గీడ. పొగ గీ గొట్టాలల్లకెళ్లి ముందటికి పోతది. నీళ్లు గొట్టాల సుట్టూ ఉంటయి. నీళ్లల్ల సున్నముంటె గొట్టానికి పొరలు పడుతది. గప్పుడు ఎంత బొగ్గేసినా స్టీమ్ రాదు."

బాపు రైల్వే ఇంజన్ షెడ్డులో ఖలాసీగా చేరిన కొత్తలో, చల్లార్చిన ఫైర్‌బాక్స్‌లోకి, అంటే మంట మండే ఆ పెట్టెలోకి, బొగ్గు వేసే తలుపు నుంచే దూరేవాడట. చల్లారిందనడమే కానీ లోపల ఇటుకలు ఇంకా కాలుతూనే ఉండేవట. చిన్న దీపం పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఏ గొట్టం కారుతోందో ఒక్కొక్కటే తడిమి చూడాలి. బక్కగా ఉన్నాడని ప్రతిసారీ బాపునే పంపేవాళ్లట. అప్పటికి చిన్నోడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "తాతా, ఎట్లా పట్టావు అందులో?" అన్నాడు. బాపు రెండు చేతులూ ఎడంగా పెట్టి తలుపు వెడల్పు చూపించాడు. వాడు ఆ చేతుల మధ్యకొచ్చి తన భుజాలు కొలుచుకున్నాడు.

అమ్మా, నీకు ఈ సంగతి తెలుసా? నాకు తెలిసింది నూనె మరకల బట్టలే. నువ్వు వాటిని వేరే బకెట్లో నానబెట్టి, వేరే తీగ మీద ఆరేసేదానివి. రైల్వే పాస్ మీద తిరుపతి పోయాం, కిటికీ సీటు కోసం అన్నతో కొట్లాడాను. బాపు ఏ పని చేస్తే ఆ పాస్ వచ్చేదో ఒక్కనాడూ అడగలేదు. మోకాళ్ల నొప్పి వయసు వల్లనే అనుకున్నా.

తర్వాత నీలం రంగు ఇంజన్, మాలర్డ్, చూశాం. 1938 జూలై 3న గంటకు 126 మైళ్లు, అంటే 203 కిలోమీటర్ల దాకా ఉరికింది. ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ అదే రికార్డు. ఆ పరుగులోనే బేరింగ్ వేడెక్కి, దాన్ని పీటర్‌బరోలో ఆపేయాల్సి వచ్చిందని చెప్పాను. బాపు వంగి చక్రాల మధ్యకు చూశాడు. "బేరింగ్ లోపలి వైట్ మెటల్ పూత కరిగి ఉంటది" అన్నాడు. కాసేపాగి, "బాగుజేసినోని పేరు రాసిండ్రా?" అన్నాడు. డ్రైవర్ డడింగ్టన్, ఫైర్‌మన్ బ్రే, ఈ రెండు పేర్లే చెప్పగలిగాను. బాగుచేసినవాడి పేరు నాకు దొరకలేదు. నిన్నటి నుంచీ ఆ ప్రశ్న నా మనసులో తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం బెంచీ మీద పులిహోర తిన్నాం. పక్కన కూర్చున్న ముసలాయనకు బాపు రెండు సకినాలు ఇచ్చాడు. ఆయన కూడా ఒకప్పుడు ఇంజన్ల మీద పని చేశాడట. ఇంజెక్టర్, పిస్టన్, వాల్వ్, గ్లాండ్ అంటూ ఇద్దరూ వేళ్లతో చూపించుకుంటూ గంట మాట్లాడుకున్నారు. నన్ను తర్జుమా చేయమని ఎవరూ అడగలేదు.

వచ్చేటప్పుడు బండిలో బాపు షెడ్డులో తనకిచ్చిన టోకెన్ బిళ్ల గురించి అడిగాడు. ఇత్తడిది, నంబరు కొట్టి ఉంటుందట. ట్రంకు పెట్టెలో జీతం కాగితాల అడుగున ఉండాలంటున్నాడు. దొరికితే చింతపండు పెట్టి తోమకు, ఎట్లున్నది అట్లనే ఫోటో తీసి పంపు. చిన్నోడికి చూపిస్తానని మాటిచ్చాడు, వాడు పొద్దున్నుంచి రెండుసార్లు అడిగాడు.

నీ బిడ్డ