సంఘం వార్షిక నివేదిక: ఇథనాల్ వ్యర్థాలపై ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

పార్కు ప్రహరీ మరమ్మతు, బతుకమ్మ వేడుకలు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక జతపరిచాం. కార్యవర్గం ఈసారి ఎక్కువ సమయం వెచ్చించింది ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) తయారీలో మిగిలే వ్యర్థాల మీద. హైదరాబాద్ కాలనీ సంఘానికి దీనితో పనేమిటని గత సమావేశంలో కొందరు అడిగారు. మనలో చాలామందికి నిర్మల్, నారాయణపేట వైపు పొలాలున్నాయి. 2024 నవంబరులో ఇథనాల్ కర్మాగారం వద్దంటూ నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు రోడ్డెక్కినప్పుడు మన ఇళ్లకే ఫోన్లు వచ్చాయి. పైగా ఈ కర్మాగారాల్లో మిగిలే పిప్పి పశువుల దాణాగా మారి, మనం తాగే పాల దాకా వస్తుంది.

అవగాహన సదస్సులో మన సభ్యురాలు, విశ్రాంత రసాయన ఇంజినీరు, సీసాలో స్పెంట్ వాష్ (ఆల్కహాల్ తీశాక మిగిలే ద్రవం) తెచ్చి చూపించారు. మాడిన బెల్లం పాకంలా చిక్కటి గోధుమ రంగు, ముక్కుకు పట్టే పులిసిన వాసన. చెంబెడు నీళ్లలో చెంచాడు కలపగానే నీళ్లన్నీ రంగు తిరిగాయి. చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచి లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల దాకా ఇది మిగులుతుంది. దీని బీఓడీ, అంటే అందులోని మలినాలు కుళ్లేటప్పుడు పీల్చుకునే ఆక్సిజన్, లీటరుకు 40 వేల మిల్లీగ్రాములు దాటుతుంది. ఇళ్ల మురుగునీటిలో అది 200 నుంచి 300. బయోగ్యాస్ తీశాక బీఓడీ బాగా తగ్గుతుంది కానీ, మెలనాయిడిన్లనే గోధుమ రంగు పదార్థాల వల్ల వచ్చే ఆ రంగు పోదు. చెరువులో కలిస్తే వెలుతురు అడుగుకు దిగదు.

ఇందులో మేలూ ఉంది. చిక్కబరిచి బాయిలర్‌లో కాలిస్తే మిగిలే బూడిదలో పొటాష్ దొరుకుతుంది. ఎంఓపీ అనే పొటాష్ ఎరువును దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకునే మన దేశానికి అది చిన్న విషయం కాదు. అదే ద్రవాన్ని సరిగా శుద్ధి చేయకుండా ఏటా ఒకే నల్లరేగడి చేలో పోస్తే లవణాలు పేరుకుంటాయి, బోరు నీళ్లు చెడతాయి.

తెలంగాణలో కొత్తగా వస్తున్న ఇథనాల్ కర్మాగారాలు ఎక్కువగా నూకలు, మొక్కజొన్నతో నడిచేవి. అక్కడ మిగిలిన పిప్పిని ఆరబెట్టి డీడీజీఎస్ పేరుతో దాణాగా అమ్ముతారు. గింజలోని పిండిపదార్థం ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా పోతుంది కాబట్టి మాంసకృత్తులు సుమారు మూడింతలు చిక్కబడతాయి. గింజకు బూజు పట్టి ఉంటే ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా అలాగే పెరుగుతుంది. గేదె తింటే అందులో కొంత పాలలోకి దిగుతుంది. ఇది విన్నాక కాలనీకి పాలు పోసే డెయిరీల వారిని పిలిచి మాట్లాడాం. వాళ్లు తెచ్చిన రెండు నమూనాలను బల్ల మీద పోసి చూశాం. ఒకటి లేత పసుపు రంగులో పొడిపొడిగా ఉంది. రెండోది ముదురు గోధుమ రంగులో, మాడు వాసనతో ఉంది. ఎక్కువ వేడి తగిలిన దాణాలో మాంసకృత్తులు పశువుకు సరిగా అరగవు. ఇకపై కొనేటప్పుడు తేమ శాతం, అఫ్లాటాక్సిన్ పరీక్ష పత్రం అడుగుతామని వాళ్లు ఒప్పుకున్నారు. ఈ ఏడాది పనుల్లో నాకు అత్యంత తృప్తినిచ్చింది ఇదే.

ఈ పరిశ్రమను మూసేయాలని నేను కోరను. మొక్కజొన్న రైతుకు ధర రావాలి. అయితే కేంద్ర పర్యావరణ శాఖ 2021 జూన్ నోటిఫికేషన్‌తో, పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే నడిచే ధాన్యం ఆధారిత కర్మాగారాలను పర్యావరణ అనుమతుల్లో తక్కువ పరిశీలన ఉండే బీ2 విభాగంలోకి మార్చారు. దాంతో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాకుండా పోయింది. ఇది అన్యాయం. చుక్క ద్రవం కూడా బయటికి వదలబోమని యాజమాన్యాలు చెబుతాయి. నీరు ఆవిరైనా అందులోని లవణాలు ఎక్కడికీ పోవు. బూడిదలోనో దాణాలోనో ఉంటాయి. అందుకే ఎంత బూడిద, ఎంత దాణా, ఎటు వెళ్లిందో ప్రతి నెలా గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలని తీర్మానించి, సంబంధిత అధికారులకు పంపాం.

వచ్చే ఏడాది సభ్యుల సొంత ఊళ్లలో వానలకు ముందు, తర్వాత బోరు నీటి పరీక్షలు చేయిస్తాం. కర్మాగారాలకు దగ్గరలో పొలాలున్నవారు సర్వే నంబరు, బోరు లోతు రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వగలరు. సీసాలు అక్కడే ఇస్తాం.

— కార్యదర్శి