మెదడు పొరల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం. పిల్లల మెదడు ఎదుగుదల అనగానే పేపర్లలో జ్ఞాపకశక్తి, చదువు, ఫోన్ల గురించే వస్తోంది గానీ, మెదడు చుట్టూ ఉండే పొరల్లో రోగనిరోధక కణాలు ఎప్పుడు, ఎలా చేరతాయో దాదాపు ఎవరూ రాయడం లేదు. మెదడు రోగనిరోధక వ్యవస్థకు దూరంగా ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2015లో ఎలుకల మెదడు పొరల్లో లింఫ్ నాళాలను (రోగనిరోధక కణాలను, ద్రవాన్ని మోసే సన్నని గొట్టాలను) గుర్తించాక ఆ మాట నిలవలేదు. ఎలుకల్లో ఆ నాళాలు ఎక్కువగా పుట్టాకే పెరుగుతాయి. మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలైతే పిండదశలోనే మెదడులోకి చేరి, తర్వాత అక్కర్లేని నాడీ సంధులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను) తొలగిస్తాయి. గర్భిణికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వస్తే బిడ్డకు ఆటిజం, స్కిజోఫ్రీనియా ముప్పు కొంత పెరగొచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి, అలాగని ప్రతి తల్లీ టెన్షన్ పడక్కర్లేదు, ఎక్కువమంది పిల్లలు బాగానే ఉంటారు. మెదడు జబ్బుల మీద రాసేటప్పుడు వృద్ధాప్యం దగ్గరే ఆగకుండా ఈ తొలి నెలల గురించీ డాక్టర్లతో రాయించండి.

– ఒక పాఠకురాలు