ఛాతీ పట్టేసి కాళ్లలో సత్తువ పోతే: బ్లాక్‌లో అందరూ చదవండి

అందరికీ నమస్కారం.

నిన్న పొద్దున వాకింగ్‌లో మన అంకుల్ ఒకరికి ఉన్నట్టుండి ఛాతీ పట్టేసింది, కాళ్లు సడలిపోయాయి. చొక్కా చెమటతో తడిసి ముద్దయినా, బెంచీ అంచు పట్టుకుని "గ్యాసేనమ్మా, కాస్త సోడా తెండి" అన్నారు. అరగంట అలాగే పోయింది. ఇప్పుడు కోలుకుంటున్నారు కానీ, ఆ అరగంట తలుచుకుంటే నాకింకా భయమే.

ఇలా వస్తే ముందు అనుమానించాల్సింది గుండెపోటు. నొప్పి వీపులోకి చీల్చినట్టు పాకి, కాలు మొద్దుబారితే అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, లోపొర చిరిగి ఉండొచ్చు. అరుదే, కానీ చాలా ప్రమాదం. అప్పుడు, గుండెపోటుకని వేసే ఆస్పిరిన్ హాని చేయొచ్చు కాబట్టి 108 వాళ్లనో డాక్టర్‌నో అడగకుండా వేయకండి. ఒక పిక్క వాచి, ఆయాసం కూడా ఉంటే రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండొచ్చు. రక్తంలో పొటాషియం బాగా తగ్గినా కాళ్లు లేవవు. టెన్షన్ వల్లా రావచ్చు, కానీ ఆ మాట ఈసీజీ, రక్తపరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించొద్దు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సొంతంగా బండి అసలే నడపనివ్వొద్దు. ఒకరు గేటు దగ్గర, ఒకరు లిఫ్ట్ ఆపి ఉండండి.

ఆదివారం ఉదయం 10కి సెల్లార్‌లో సి బ్లాక్ డాక్టర్ గారు సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి, నేర్పిస్తారు. ఇంటికొకరు తప్పకుండా రండి. శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి. పెద్దవాళ్లు వాడే మందుల చీటీ ఈరోజే ఫ్రిజ్ మీద అంటించండి.